ఉప్పు చూసే మనిషి

బాన్సువాడకు రైలు లేదు. ఎన్నికలప్పుడు మాటల్లో వస్తుంది, ఓట్లు పడగానే వెళ్లిపోతుంది. నిజం రైలు కూత వినాలంటే బోధన్ దాకా పోవాల్సిందే. అలాంటి ఊళ్లో, ఆ ఏడాది శివరాత్రి దాటేసరికి, బస్టాండు ముందు బండి పెట్టుకుని బతికే ప్రతి ఒక్కరి నోటా రైలు మాటే. చాయ్ పోసేవాడు, మిర్చీలు వేసేవాడు, ఆఖరికి పుచ్చకాయ ముక్కలు కోసి ఉప్పు చల్లేవాడు కూడా పట్టాలన్నీ తానే వేయించినట్టు మాట్లాడాడు.

సంగతి ఏమిటంటే, ఒక కంపెనీ వాళ్లు ఎక్కడో షెడ్డులో తుప్పు పడుతున్న పాతకాలపు రైలు డబ్బాలను తెచ్చి, చెక్కకు పాలిష్ పెట్టి, ఇత్తడి కడ్డీలు తోమించి, ముందర పొగ ఇంజను తగిలించి, శనివారం సాయంత్రాలు బోధన్ నుంచి కొంతదూరం నడిపి వెనక్కి తెస్తారట. ఎక్కేవాళ్లు ఊరికి పోవడానికి కాదు, తినడానికి ఎక్కుతారు. ఒక డబ్బాలో తెల్లబట్ట పరిచిన బల్లల మీద భోజనం. దాని పక్క డబ్బాకు బజార్ డబ్బా అని పేరు. అందులో చుట్టుపక్కల ఊళ్ల రోడ్డు పక్క తిండి, ఊరికి ఒకటే దుకాణం. బయలుదేరిన చోటికే తిరిగొచ్చే రైలుకు టికెట్టెందుకో ఆటో నడిపే పండరికి చివరిదాకా అర్థం కాలేదు. తన ఆటోలో ఎవరినైనా అలా తిప్పి తెచ్చి కిరాయి అడిగితే కొడతారని అతని వాదన.

బాన్సువాడ తరఫున ఆ రైలు ఎవరు ఎక్కుతారన్న దాని మీద మాత్రం ఎవరికీ అనుమానం లేదు. కుల్సుమ్ ఉండగా ఇంకెవరు?

కుల్సుమ్ బండి మీద రెండే గిన్నెలు. ఒకదాంట్లో బగారా అన్నం, ఇంకోదాంట్లో దాల్చా. శనగపప్పు మెత్తగా ఉడికి, సొరకాయ ముక్క కరిగీ కరగనట్టుండి, చింతపండు పులుపు చివర్లో నాలుకను తట్టే ఆ దాల్చా కోసం పెద్ద కొడప్‌గల్ నుంచి బ్యాంకు పని మీద వచ్చినవాళ్లు కూడా ఎక్కాల్సిన బస్సును వదులుకునేవారు. ఆ పక్కనే పండరి భార్య ప్రేమల బండి. ఆమెవి మక్క గారెలు. లేత కంకులు ఒలిచి, అల్లం, పచ్చిమిర్చి వేసి బరకగా రుబ్బి, కాగిన నూనెలో ఎర్రగా కాల్చి తీసేది. బాగుండేవి. బాగాలేవని ఎవరూ అనలేదు. కాని తినేవాళ్లు ముందు కుల్సుమ్ దగ్గర ప్లేటు పట్టుకుని, ఆ తర్వాతే ఇటు తిరిగి, "అక్కా, గిండ్ల రెండు గారెలు సుత పెట్టు" అనేవారు. ఇన్నేళ్లూ ప్రేమల ఆ 'సుత' దగ్గరే, ఆ 'కూడా' దగ్గరే ఉండిపోయింది.

అయినా వాళ్లిద్దరి మధ్య తగువు అన్నది లేదు. పైగా ఒక ఏర్పాటు ఉండేది. రంజాన్ నెలంతా కుల్సుమ్ రోజా ఉంటుంది. వంట చేస్తుంది గాని నోట్లో వేసుకోదు. నాలుక కొసకు తగిలించి ఉమ్మేస్తే తప్పు లేదని ఎవరో చెప్పారు గాని ఆమె మనసు ఒప్పుకోలేదు. ప్రేమలకేమో శనివారం ఒక్కపొద్దు. పొద్దు గుంకి దేవుడికి దండం పెట్టుకునేదాకా నోటికి ఉప్పు తగలనివ్వదు. అందుకని రంజాన్‌లో కుల్సుమ్ దాల్చాకు ప్రేమల ఉప్పు చూసేది. శనివారాలు ప్రేమల గారెలకు కుల్సుమ్ ఉప్పు చూసేది. రంజాన్‌లో వచ్చే శనివారాలు మాత్రం ఇద్దరూ కలిసి ఎదురుగా గాజుల కొట్టు పెట్టుకున్న రోజారాణిని బతిమాలుకునేవాళ్లు. ఆమె రుచి చూస్తానని కూర్చుని సగం పూట భోజనం కానిచ్చేది.

బయటివాళ్లకు ఇది చిన్న సంగతిలా కనిపించవచ్చు. వంట అమ్ముకుని బతికేవాళ్లకు కాదు. తన చేతి వంటను తాను రుచి చూడకుండా జనం ముందు పెట్టడమంటే కళ్లు మూసుకుని రోడ్డు దాటడమే. చెయ్యి పట్టుకున్న మనిషి మీద నమ్మకం ఉండాలి.

కుల్సుమ్‌కు ఇందులో ఒక పద్ధతి ఉంది. దాల్చాలో మొదట సగం ఉప్పే వేస్తుంది. చింతపండు పులుసు పోసి, ఒక పొంగు రాగానే ప్రేమలను పిలుస్తుంది. ప్రేమల అరచేతిలో కాస్త పోయించుకుని, నాకి చూసి, "ఇంకింత" అంటుంది. కుల్సుమ్ వేస్తుంది. ప్రేమల మళ్లీ చూసి "సరిపోయింది" అంటుంది. ఆ మాట వినపడ్డాకే పొయ్యి ఆగుతుంది.

రోజాలు మొదలైన కొన్నాళ్లకు కంపెనీ తరఫున దీపిక అనే అమ్మాయి వచ్చింది. హైదరాబాద్ పిల్ల. మెడలో కార్డు, చేతిలో ఫోను, మాటలో మర్యాద. బస్టాండు ముందంతా తిరిగి, అందరినీ పలకరించి, చివరికి ఇద్దరిని ఏరింది. మొదట కుల్సుమ్, తర్వాత ప్రేమల. రైలు సాయంత్రం నడిచేది కాబట్టి సాయంత్రమే వచ్చి తింటాననీ, గురువారం ఇద్దరి వంటా చూసి ఒకరిని అక్కడికక్కడే ఖాయం చేస్తాననీ చెప్పి పోయింది.

ప్రేమలకు ఆశ పుట్టింది. పుట్టకపోయినా బాగుండేది. అసలు తనను ఏరకుండా వదిలేసి ఉంటే, కుల్సుమ్ గిన్నెలు తానే పండరి ఆటోలోకి ఎక్కించి, మంచిగ పోయిరా అక్కా అని సాగనంపేది. కాని రెండో పేరు తనదని వినగానే మొదటి పేరు అడ్డంగా కనిపించసాగింది. బజార్ డబ్బాలో తన పేరు రాసిన బోర్డు, గారెల కోసమే వచ్చి నిలబడ్డ మనుషులు, 'సుత' అనే మాట చెవిన పడని ఒక్క సాయంత్రం. అంతే ఆమె కోరిక. అదేమంత పెద్ద కోరికా కాదు. పెద్దదై ఉంటే భయపడి జాగ్రత్తగా ఉండేది.

గురువారం వచ్చింది. ఎండ వాలింది. కుల్సుమ్ పులుసు పోసింది. పొంగు రాగానే ఎప్పటిలాగే, "చెల్లె, జర చూడు" అని పిలిచింది.

ప్రేమల అరచెయ్యి చాపింది. నాకింది. దాల్చా చప్పగా ఉంది, ఒక్క పులుపే నాలుకకు తగిలింది. మొదటిసారి ఎప్పుడూ అలాగే ఉంటుంది. "ఇంకింత" అనడం ఆమెకు ఎంత అలవాటంటే, కుల్సుమ్ ఆ మాట కోసం ఆగకుండా అప్పటికే ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి ఉంది. రోడ్డు అవతల దీపిక కారు దిగుతోంది.

"సరిపోయింది" అంది ప్రేమల.

కుల్సుమ్ చెయ్యి డబ్బాలోనే ఆగింది. "సగమే ఏసిన గదనే?"

"సరిపోయిందక్కా. గీ ప్యాకెట్ ఉప్పుల ఉప్పదనం జర ఎక్కువనే ఉన్నట్టుంది."

కుల్సుమ్ చెయ్యి బయటికి తీసి, దులుపుకుని, పొయ్యి ఆపేసింది. ఇంకో మాట అడగలేదు. అడిగి ఉంటే తాను మాట మార్చుకునేదాన్నేమో అని ఆ తర్వాత ప్రేమల ఎన్నోసార్లు అనుకుంది. ఆ 'ఏమో'ను పట్టుకుని కొంచెం ఊరట పొందాలని చూసింది. కుదరలేదు. మళ్లీ అడగక్కర్లేదనుకునేంతగా నమ్మడం కుల్సుమ్ తప్పు ఎలా అవుతుంది?

దీపిక దాల్చా ప్లేటు సగంలో వదిలేసింది. పేరు విని ఎంతో ఊహించుకున్నాననీ, కొంచెం చప్పగా అనిపించిందనీ నొచ్చుకుంటూనే చెప్పింది. గారెలు మాత్రం రెండోసారి అడిగి పెట్టించుకుంది. అక్కడే ప్రేమలను బండి పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. ఫోటోలో ప్రేమల నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఎప్పుడు చూసుకున్నా ఎవరి మొహానిదో తెచ్చి అతికించినట్టు ఉండేది.

కాసేపటికి మసీదు నుంచి అజాన్ వినిపించింది. కుల్సుమ్ ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, తన దాల్చా తానే కొంచెం పెట్టుకుని తిన్నది. తిని, తలెత్తి ప్రేమల వైపు చూసింది. ప్రేమల చూపు నూనె మీది నుంచి తీయలేదు. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుందని చెవులు రిక్కించి నిలబడింది. కుల్సుమ్ గిన్నె మీద మూత పెట్టి, మిగిలినవాళ్లకు వడ్డించేటప్పుడు పక్కన ఉప్పు ఉంచింది. అంతే.

మర్నాడు మధ్యాహ్నం కుల్సుమ్ ఇంటికి రావడం చూసి, కొట్లాటకే వస్తోందని ప్రేమల గుండె రాయి చేసుకుంది. చేతిలో ఉన్నది మిరియాల కషాయం. రోజా ఉన్న మనిషి, మండే ఎండలో, ఒక్క చుక్క నోట్లో వేసుకోకుండా కాచి తెచ్చింది.

"నిన్న నీ మొఖం చూడనే లే నేను, రైలు ఫికర్ల పడి" అంది. "నీకు జరమున్నది. లేకుంటే నీ నాలుక గట్ల తప్పదు."

చెయ్యి ప్రేమల నుదుటి మీద పెట్టింది. సిగ్గుకు ఒళ్లు వెచ్చబడిందో ఏమో, చూసినవా కాలుతున్నదని కుల్సుమ్ తానే అని నమ్మేసింది. అప్పుడైనా ప్రేమల చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచింది కూడా. కాని బయటికొచ్చింది వేరు. అవునక్కా, రెండు దినాల సంది నోరు చేదుగున్నదని చెప్పింది. చెప్పి, ఆ కషాయం చివరి చుక్కదాకా తాగింది. కుల్సుమ్ ఎదురుగా కూర్చుని తాగించింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఉప్పు చూసింది ప్రేమలే కదా, మరి ఇదేం రుచి చూడటమని గాజుల రోజారాణి అందరిలో అననే అంది. కుల్సుమ్ వెంటనే అడ్డం పడింది. ప్రేమల ఇంకింత వేయమనే చెప్పిందట. తొందరలో తానే మరిచిపోయిందట. తన చెయ్యే తప్పిందట. ఆ తర్వాత ప్రేమలను పక్కకు తీసుకుపోయి, రైల్లో దుకాణం పెట్టబోయే మనిషికి నాలుక పని చెయ్యదని పేరు పడితే ఆ కంపెనీ పిల్ల మళ్లీ ఆలోచనలో పడుతుంది, అందుకే అలా చెప్పానని చెప్పింది. ప్రేమల తల ఊపింది. ఆ రోజు నుంచి కుల్సుమ్ మొహం నేరుగా చూడటం మానేసింది.

రంజాన్ పండుగ అయిపోయాక రైలు మొదలైంది. శనివారం మధ్యాహ్నం ఇంట్లో పిండి రుబ్బి, మొదటి వాయి తీసి, కుల్సుమ్ వచ్చి ఉప్పు చూశాక పండరి ఆటోలో గిన్నెలు ఎక్కించుకుని బోధన్ పోయేది ప్రేమల. రైలు నిజంగానే బాగుండేది. నున్నటి చెక్క గోడలు, పసుపుపచ్చ దీపాలు, పైన గుండ్రటి పాత ఫ్యాన్లు. మంట పెట్టనివ్వరు కాబట్టి కరెంటు పొయ్యి. 'ప్రేమల మక్క గారెలు, బాన్సువాడ' అని చక్కటి అక్షరాల బోర్డు. పక్కన డోంగ్లి నుంచి వచ్చే దేవీబాయి జొన్నరొట్టెలు కాల్చేది. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడి మొత్తం నవ్వించేది. చెరకు తోటల మధ్య నుంచి బండి మెల్లగా పోతుంటే, ఖరీదైన బట్టలు వేసుకున్నవాళ్లు కాగితం పళ్లేలు పట్టుకుని ఆమె ముందు వరుసలో నిలబడేవారు. గారెలే అడిగేవారు. 'సుత' అనేవారు కారు.

కావాలనుకున్నది అచ్చంగా అలాగే చేతికి వచ్చింది. దాన్ని చూసి సంతోషపడటానికే ఆమెకు మొహం చెల్లలేదు. ఎవరైనా బాగున్నాయంటే, ఉప్పు సరిగ్గా పడిందంటే, అది కుల్సుమ్ చూసిన ఉప్పు. తాను అబద్ధమాడిన నాలుకకు బదులు నిజం చెప్పే నాలుక ప్రతి శనివారం ఇంటికి నడిచొచ్చి పని చేసి పోతోంది. కుల్సుమ్ గారెను విరిచి, ఊది, నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేది. తక్కువైతే తక్కువని, ఎక్కువైతే ఇంకొంచెం కంకి రుబ్బి కలపమని చెప్పేది. ఒక్కసారైనా అశ్రద్ధగా చెప్పి ఉంటే ప్రేమలకు కొంచెం తేలిగ్గా ఉండేది. చెప్పలేదు.

ఇక్కడ బస్టాండు ముందు సంగతి వేరుగా నడిచింది. చెయ్యి తప్పిందని కుల్సుమే స్వయంగా చెప్పుకుంది కదా, జనం ఆ మాటను వదల్లేదు. నిన్నటిదాకా లొట్టలేసిన నోళ్లే ఇవాళ పులుపెక్కువైందనీ పప్పు ఉడకలేదనీ వంకలు పెట్టాయి. దావత్‌లకు బగారా వండమని పిలిచేవాళ్లు తగ్గారు. వానాకాలంలో రోజారాణి కొత్తింట్లోకి పోయింది. ఎన్నాళ్ల నుంచో దావత్ వంట నీదేనని కుల్సుమ్‌కు మాటిచ్చిన మనిషి, తీరా రోజు దగ్గరపడ్డాక బోధన్ నుంచి వంటవాళ్లను పిలిచింది. పిలిచి, ప్రేమల దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది. రంజాన్‌లో ఉప్పు చూసేదానివి నువ్వే కదా, నిజంగానే ఆమె చెయ్యి పోయిందా అని.

ప్రేమల జవాబు చెప్పలేదు. గారెలు తిరగేస్తూ ఉండిపోయింది. రోజారాణి ఆ ఊరుకోవడాన్ని అవునన్నట్టే తీసుకుని వెళ్లిపోయింది. నోరు విప్పి చెప్పిన అబద్ధం కన్నా ఆ ఊరుకోవడం ప్రేమలను ఎక్కువ కొరుక్కుతిన్నది. మొదటిది ఆశకొద్దీ చేసింది. ఇది పిరికితనం, మరేమీ కాదు.

తర్వాతి శనివారం తుంపర పడుతోంది. ప్రేమల ఇంటి వెనక రేకుల కింద మొదటి వాయి తీసి పెట్టింది. కుల్సుమ్ వచ్చి బుర్ఖా ముసుగు పైకి తోసుకుని పీట మీద కూర్చుంది. గారె చేతికి తీసుకుంది గాని నోట్లో పెట్టలేదు.

"నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది చెల్లె" అంది. "గిన్నె ముందల నిలవడ్తె ఉప్పు ఏసిన్నో లేదో యాదికుంటలేదు. నిన్న ఏసిందే మళ్ల ఏసిన. రంజాన్‌ల సుత తప్పు నాదేనేమో. సగం ఏసిన్నో, ఇంక తక్కువ ఏసిన్నో. జరంల ఉన్నదాన్ని నిన్ను పిలిచి చూడమన్న. ఇగ బండి ఎత్తేస్త. మా ఆయన గదే అంటుండు."

ఇన్నాళ్లూ ప్రేమల అనుకున్నది, తాను కుల్సుమ్ దగ్గర్నుంచి ఒక రైలును లాక్కుందని. కాదు. కుల్సుమ్ చేతినే లాక్కుంది. ఊరు కుల్సుమ్‌ను నమ్మకపోవడం ఒక ఎత్తు. కుల్సుమ్ తనను తాను నమ్మకపోవడానికి కూడా తన ఒక్క మాటే కారణం.

"అక్కా, నాకు జరం రాలే" అంది.

"ఎప్పుడు?"

"రంజాన్‌ల. గా గురువారం. నా నాలుక మంచిగనే ఉండె. చప్పగున్నదని తెలిసే సరిపోయిందని చెప్పిన. రైలు నాకు కావాలనిపించింది."

కుల్సుమ్ ఏడవలేదు, తిట్టలేదు. ప్రేమలను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. ఒక్క మాట అడిగింది.

"మరి కషాయం తాగినవ్ గద?"

"తాగిన."

కుల్సుమ్ చేతిలోని గారె వైపు చూసుకుంది. అది విసిరేసి వెళ్లిపోతుందని ప్రేమల అనుకుంది. ఆమె దాన్ని విరిచి, నోట్లో వేసుకుని, నిదానంగా నమిలింది. ఈసారి కళ్లు మూసుకోలేదు.

"ఉప్పు సరిపోయింది" అంది. లేచి, ముసుగు దించుకుని, తుంపరలోనే వెళ్లిపోయింది.

బోధన్ దారి పొడుగునా ఆటోలో ప్రేమల పిండి గిన్నెను ఒళ్లో పట్టుకుని కూర్చుంది. సరిపోయింది. తాను ఆరోజు చెప్పిన మాట కూడా అదే. అదే మాట, అంతే పొట్టిగా. కుల్సుమ్ నిజం చెప్పిందా? అంతా విన్నాక, ఆ కోపంలో, ఆ బాధలో, నిజమే చెప్పిందని ఎలా తెలుస్తుంది? ఒకవేళ చప్పగా ఉంటే? నోరు పాడయ్యేంత ఎక్కువగా ఉంటే? తనకేమో ఒక్కపొద్దు. పండరిని చూడమందామా అంటే, జర్దా నమిలి నమిలి అతని నోటికి ఉప్పూ కారమూ ఒకటే అయిపోయాయి. ఏది పెట్టినా మస్తుగున్నదనే అంటాడు.

రైలు కదిలింది. నూనె కాగింది. మొదటి వాయి తీసింది. పక్కన దేవీబాయి రొట్టెలు తడుతోంది. ఒక గారె తీసి ఆమెకిచ్చి, ఉప్పు చూడు అంటే అయిపోయేది. ప్రేమల గారెను చేతిలోకి తీసుకుంది, దేవీబాయి వైపు తిరిగింది కూడా. తిరిగి ఆగిపోయింది. ఎవరిని అనుమానిస్తున్నట్టు? జన్మలో ఒక్కసారి కూడా ఉప్పు దగ్గర అబద్ధం చెప్పని మనిషిని. తాను చేసిన పని ఆమె కూడా చేసి ఉంటుందని తన బుద్ధితోనే ఆమెను కొలుస్తోంది. ఇంకా ఎంత దిగజారాలి? గారెను పళ్లెంలో వెనక్కి పెట్టేసింది. కుల్సుమ్ చప్పటిది పెట్టించి ఉంటే, అదీ తనకు రావాల్సిందే, తీసుకుంటానని తీర్మానించుకుంది.

మొదటగా వచ్చింది ఒక పెద్దాయన, పక్కన మనవరాలు. ఆయన గారె కొరికాడు. ప్రేమల ఆయన నోటి వంకే చూస్తూ నిలబడింది. ఆయన నమిలాడు, మింగాడు, మిగిలిన సగం మనవరాలి నోట్లో పెట్టి, ఇంకో ప్లేటు ఇమ్మన్నాడు. వెనకాల వరుస కదిలింది. ఒక్కరూ ఉప్పు అడగలేదు. ఒక్కరూ మొహం చిట్లించలేదు.

చెరకు తోటల మీద పొద్దు గుంకింది. ప్రేమల కిటికీ వైపు తిరిగి దండం పెట్టుకుని, ఒక గారె నోట్లో వేసుకుంది. ఉప్పు సరిగ్గా ఉంది. పిసరు ఎక్కువా లేదు, తక్కువా లేదు. అది నోట్లో ఉండగానే ఆమెకు ఏడుపొచ్చింది. చప్పగా ఉండి ఉంటే ఇద్దరి లెక్కా సరిపోయేది, తానూ కొంత తేలికపడేది. కుల్సుమ్ ఆ దారి కూడా ఆమెకు లేకుండా చేసింది.

నూనె పొగ కళ్లకు తగిలిందా అని డబ్బాలో తిరుగుతున్న దీపిక అడిగింది. దేవీబాయి కొంగుతో విసరబోయింది. ప్రేమల పొయ్యి ఆపి, చెయ్యి తుడుచుకుని, దీపికను తలుపు దగ్గరికి పిలిచింది.

"కుల్సుమక్క దాల్చా మీరు మళ్లొక్కసారి తినాలె మేడం. గారోజు ఉప్పు చూసింది నేను. తక్కువున్నదని తెలిసి చాలన్న. ఆమె చెయ్యి తప్పలే."

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నారని దీపిక అడిగింది. ఆమె బండి ఎత్తేస్తానంటోందని ప్రేమల చెప్పింది. దీపిక బోర్డు మీది అక్షరాల వైపు ఒకసారి చూసి, వచ్చి తింటాను గాని ఊరికి ఒకటే దుకాణం కదండీ అంది. ఆ సంగతి ప్రేమలకూ తెలుసు.

మర్నాడు పొద్దున బస్టాండు ముందు ప్రేమల ముందుగా రోజారాణి కొట్టుకు పోయి, తర్వాత చాయ్ బండి దగ్గర నిలబడి, వినేవాళ్లందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. కొందరు ఛీ అన్నారు. రోజారాణి కొత్త గాజులు సర్దుతూ తలెత్తలేదు. కుల్సుమ్ తన బండి దగ్గరే ఉండి, అంతా వింటూ, సొరకాయ ముక్కలు కోసుకుంది.

దీపిక మాట మీద నిలబడే పిల్ల. వారం మధ్యలోనే వచ్చి దాల్చా తిన్నది. ఈసారి రోజాలు లేవు. కుల్సుమ్ తన ఉప్పు తానే చూసుకుంది. మొదటిసారి నాలుక మీద వేసుకుని ఆమె ఉప్పు డబ్బా వైపు, గిన్నె వైపు మార్చి మార్చి చూడటం పక్క బండి నుంచి ప్రేమలకు కనిపించింది. రెండోసారి వేసుకుని, పొయ్యి ఆపేసింది. దీపిక ప్లేటు ఖాళీ చేసి, అడుగున మిగిలింది కూడా వేలితో తుడుచుకుంది.

దీపిక పోయాక ప్రేమల ధైర్యం చేసి కుల్సుమ్ బండి దగ్గరికి నడిచింది. తప్పైందని చెప్పాలని వచ్చింది గాని, ఆ మాట ఎంత చిన్నదో దగ్గరికి వచ్చాక తెలిసింది. కుల్సుమే మాట్లాడింది, గిన్నె కడుగుతూ, మొహం ఎత్తకుండా.

"శనివారం నీ గారెలకు ఉప్పు నేనే చూస్త. అండ్ల తేడా రాదు." కొంచెం ఆగింది. "రంజాన్‌ల మాత్రం నువ్వు రాకు. రోజారాణిని అడుక్కుంట."

ప్రేమల సరేనంది.

శనివారం మధ్యాహ్నం పండరి ఆటోలో కుల్సుమ్ గిన్నెలు ఎక్కాయి. బజార్ డబ్బాలో ఊరి దుకాణం ఇప్పుడు ఆమెది, అతను బోధన్ తీసుకుపోయేది ఆమెనే. ఆటో ప్రేమల ఇంటి ముందు ఆపించి కుల్సుమ్ దిగింది. రేకుల కిందికి వచ్చి, గారె విరిచి, ఊది, నోట్లో వేసుకుని, "ఇంకింత" అంది. పీట మీద కూర్చోలేదు. ఆటో బయలుదేరిన చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది.

ప్రేమల పిండిలో ఉప్పు వేసి కలిపింది. తన గిన్నెలో ఉప్పు చాలిందా లేదా అని ఇకమీదట ప్రేమలను అడిగే మనిషి లేదు. చెయ్యి కడుక్కుని, గిన్నె నెత్తిన పెట్టుకుని, బస్టాండుకు నడిచింది.